లీక్ ఎవరిదో తేలట్లేదా? గొడవపడే ముందు మీటర్ చూడండి

గేటు ముందు నీళ్ళు మడుగు కట్టాయంటే ఇక మొదలు, వాటర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అది మీ పైపే అంటారు, పక్కింటాయన నాది కాదంటాడు, మనమేమో రోడ్డు పైపే పగిలిందని వాదిస్తాం. నిజానికి ముగ్గురిలో ఒక్కరూ చూసి చెప్పట్లేదు.

ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయండి, సంపులోకీ ట్యాంకులోకీ పోయే వాల్వ్‌లు కూడా. ఇప్పుడు మీటర్ అద్దంలోకి చూస్తే చాలా వాటిల్లో ఒక చిన్న చక్రమో ఎర్ర త్రికోణమో కనిపిస్తుంది, కొంచెం నీళ్ళు పోయినా అది తిరుగుతుంది. తిరుగుతోందా, అయితే మీటర్ దాటాకే ఎక్కడో పోతోంది. మీటర్ పక్కనే ఉన్న ఇంటివైపు వాల్వ్ కట్టేయగానే ఆగిపోయిందనుకోండి, లీక్ అక్కణ్ణుంచి మన ఇంటి లోపలి దాకా ఎక్కడో ఉన్నట్టు, ఆ ఖర్చు చాలాచోట్ల మనదే. చక్రం తిరక్కుండానే మడుగు పెరుగుతోందంటే మీటర్‌కి ముందున్న పైపు కావచ్చు, డ్రైనేజీ కావచ్చు, ఒక్కోసారి భూమిలో ఊట కూడా కావచ్చు. క్లోరిన్ టెస్ట్ చుక్కలు దొరికితే ఆ నీళ్ళలో వేసి చూడండి, పసుపు రంగు వస్తే అది సరఫరా నీరే అనుకోవచ్చు. రాకపోతే మాత్రం కాదని తేల్చేయకండి, మట్టిలోంచి వచ్చేసరికి క్లోరిన్ పోయి ఉండొచ్చు.

ఎవరి బాధ్యత ఎక్కడిదాకా అన్నది కొన్ని చోట్ల మీటర్ దగ్గర మారుతుంది, కొన్ని చోట్ల స్థలం హద్దు దగ్గర, కనెక్షన్ ఇచ్చినప్పటి కాగితాల్లో ఉంటుంది, ఒకసారి తీసి చదవండి.

అపార్ట్‌మెంట్‌లో సీలింగ్ కారితే కథ వేరు. మా హాల్లో చెమ్మ మచ్చ వచ్చినప్పుడు పై ఫ్లాట్ వాళ్ళ బాత్రూమే అని నేను రెండు నెలలు పోట్లాడాను. చివరికి ఆ మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి, అక్కా రెండ్రోజులు ఆ బాత్రూమ్ వాడకండి ప్లీజ్ అన్నాను, ఆవిడ పాపం వాడలేదు. మచ్చ గీత దాటి అరచెయ్యంత పాకింది! స్నానం చేసినప్పుడే కారితే అనుమానం డ్రైనేజీ మీదకో టైల్స్ సందుల మీదకో పోవాలి, ఎవరూ వాడకపోయినా ఆగకుండా వస్తుంటే ఎప్పుడూ నీళ్ళు నిండి ఉండే పైపు మీదకి. మాది షాఫ్ట్‌లో, అంటే పైపులన్నీ పైనుంచి కిందికి దిగే సందులో, అందరికీ కలిపి వేసిన పైపు, అంటే అసోసియేషన్ ఖర్చు. ఆవిడకి సారీ చెప్పడానికి నాకింకో వారం పట్టింది, అది వేరే విషయం.

తవ్వడమో గోడ పగలగొట్టడమో చేసేముందు రెండు వైపులవాళ్ళూ ఒప్పుకున్న ప్లంబర్‌ని పిలిచి ఇద్దరూ పక్కనే నిలబడండి. ఇక్కడ దొరికితే నేను కడతాను, అక్కడ దొరికితే మీరు, ఏదీ దొరక్కపోతే కూలి చెరిసగం, ఇది ముందే ఒక మెసేజ్‌లో రాసుకోండి, ఎందుకంటే తవ్వాక ఎవరికీ ఏమీ గుర్తుండదు. మీటర్ రీడింగ్, మడుగు, పగిలిన జాయింట్ అన్నీ ఫోటోలు తీయండి, తీసేసిన పైపు ముక్క కూడా పారేయకుండా దాచండి. డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి వదిలేయకుండా రాతపూర్వకంగా ఇచ్చి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, బిల్లు ఎక్కువొస్తే తగ్గించమని అడగడానికి అదే పనికొస్తుంది. అద్దె ఇల్లైతే ఓనర్‌కి అదే రోజు చెప్పండి, ఆలస్యంగా చెప్పారని పాడైన గోడ ఖర్చు మీ మీదకి నెట్టే ఛాన్స్ ఉంది.

రిపేర్ అయ్యాక వెంటనే పెయింట్ వేయించకండి. గోడ పూర్తిగా ఆరేదాకా ఆ పెన్సిల్ గీత అలాగే ఉంచండి, మచ్చ మళ్ళీ పాకితే ముందు తెలిసేది దాంతోనే.