బ్లూ స్క్వాడ్రన్ రంగులు – మూడో పాఠం: రెక్కలకు వెల్ల వేయడం

పోయిన పాఠంలో మన మెస్సర్‌ష్మిట్ బీఎఫ్ 109ఎఫ్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధ విమానం) బుల్లి నమూనాకి అసలు రంగులు వేశాం. పైన 74, 75 నంబర్ల బూడిద రంగులు, కింద 76 లేత నీలం, పక్కల మీద మచ్చలు. డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) అతికించి, వార్నిష్ కొట్టి ఒక రోజు ఆరనివ్వమన్నాను. ఆరనిచ్చారనే నమ్ముతున్నా. ఇవాళ వాటన్నిటినీ తెలుపు కింద దాచేస్తాం. కోపం తెచ్చుకోకండి, సగం మళ్లీ బయటికి తీస్తాం.

ముందు ఒక్క మాట. 1941 నుంచి 1944 దాకా స్పెయిన్ వాలంటీర్ పైలట్లు జర్మన్ వైమానిక దళంలో చేరి, రష్యా మీద వంతులవారీగా ఐదు దళాలుగా ఎగిరారు. వాళ్లదే ఈ బ్లూ స్క్వాడ్రన్. మనం చేస్తున్నది కార్లోస్ ఫెర్రాండిజ్ నడిపిన మూడో దళం విమానం, 1942–43 చలికాలం, రష్యాలోని ఒరియోల్ ప్రాంతం. దూరం నుంచి చూస్తే అచ్చం జర్మన్ విమానమే: రెక్కల మీద నల్ల శిలువ, తోక మీద నాజీ గుర్తు (మన గుమ్మం మీద కుంకుమతో వేసే స్వస్తిక్‌కి, దీనికి ముడిపెట్టకండి), తూర్పు రంగం ఆనవాలుగా వెనక పసుపు పట్టీ. స్పెయిన్ వాళ్ల సంగతి చెప్పేది ఓ చిన్న గుండ్రటి బొమ్మ. అందులో మూడు పక్షులు, ఎద్దుల పోటీ మాటల్లో ఒక నినాదం: ‘విస్తా, సుయెర్తే ఇ అల్ తోరో’. చూపు, అదృష్టం, ఇక ఎద్దు మీదికే అని. స్పెయిన్ అంతర్యుద్ధంలో ‘గార్సియా మొరాతో’ అనే పైలట్ దళానిది ఆ గుర్తు. మొరాతో 1939లో విమాన ప్రమాదంలో పోయాడు. అప్పట్లో అతని పక్కన ఎగిరిన హూలియో సాల్వదోరే తర్వాత 1942లో బ్లూ స్క్వాడ్రన్ రెండో దళాన్ని నడిపాడు. ఆ బొమ్మ పని వచ్చే పాఠంలో.

ఇక తెలుపు. అసలు విమానాల మీద ఇది పెయింట్ కాదు, వెల్ల. మంచు కురిసే కాలానికి వేసి, వసంతంలో కడిగేసేది. కొత్తగా వెల్ల వేసిన గోడకి ఆనుకుంటే చొక్కా వీపంతా తెల్లబడుతుందే, అదే జాతి. కాబట్టి సమంగా వేస్తే తప్పు.

వార్నిష్ మీద మామూలు హెయిర్ స్ప్రే రెండు పలుచటి పూతలు కొట్టండి. తర్వాత తడిపి రుద్దితే తెలుపు ఊడివచ్చేది దీనివల్లే. ఆరాక నీళ్లతో కలిపే యాక్రిలిక్ తెలుపు తీసుకుని, చిటికెడు లేత బూడిద కలపండి. ఈ సైజులో స్వచ్ఛమైన తెలుపు కళ్లలో గుచ్చుకుంటుంది. పలుచగా వేయాలి, కింద రంగు లీలగా కనిపించాలి. శిలువ, నంబరు దగ్గర మాస్కింగ్ టేప్‌ని గుర్తు కంటే ఒక వెంట్రుకవాసి పెద్దగా కత్తిరించి అంటించండి. సిబ్బంది బ్రష్‌తో గుర్తు చుట్టూ తిప్పి వేసేవాళ్లు. అందుకే శిలువ చుట్టూ సన్నగా బూడిద రంగు మిగలాలి. ఈ ఒక్క గీతే నమూనాకి ప్రాణం పోస్తుంది.

అరగంట ఆగండి. అంతకు మించి వద్దు. నా మొదటి విమానం తెలుపు వేసి పడుకున్నాను. పొద్దున్నే ఎంత రుద్దినా ఒక్క పెచ్చు ఊడలేదు. పెళ్లి మండపంలా మెరుస్తూ కూర్చుంది.

గోరువెచ్చటి నీళ్లలో ముంచిన బ్రష్‌తో ఒక చోట తడిపి, నిమిషం తర్వాత పొట్టి గట్టి బ్రష్‌తో గిల్లినట్టు రుద్దండి. ఎక్కడ రుద్దాలో పైలట్‌ని తలచుకోండి. ఈ విమానం కాక్‌పిట్ మూత కుడివైపుకి తెరుచుకుంటుంది, కాబట్టి అతను ఎడమ రెక్క మీదుగానే ఎక్కుతాడు. ఎడమ రెక్క మొదట్లో బూట్ల దారి బాగా అరగాలి. ఇంజిన్ స్టార్ట్ చేసే చేతి కమ్మీ కుడివైపు పెడతారు. ఆ చోటు కూడా. ఇంజిన్ మూతల అంచులు తరచూ తెరిచేవి, పెచ్చులూడాలి. రెక్కల చివర్లని దాదాపు ముట్టుకోవద్దు, అక్కడికి ఎవరి చెయ్యీ పోదు. పొగ గొట్టాల వెనక మసి మాత్రం చివర్లో, పొడి రంగుతో.

అంతా అయ్యాక మ్యాట్ వార్నిష్ ఒక పొర కొట్టండి. లేకపోతే మన వేళ్లకే వెల్ల అంటుతుంది.

ఇంటిపని: పాత కిట్ రెక్క ముక్క ఒకటి తీసుకుని, మూడు చోట్ల తెలుపు వేసి, పదిహేను నిమిషాలకి ఒకటి, అరగంటకి ఒకటి, రెండు గంటలకి ఒకటి రుద్ది చూడండి. ఎక్కడ ఎంత ఊడిందో పక్కనే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.