అల్యూమినియం పార్టులకు అనోడైజింగ్ ఎలా చేయాలి?

బెంగళూరు పీణ్యలో ఒక షెడ్డులో సీఎన్‌సీ మిషన్లు తిరుగుతుంటే, నాలుగు షెడ్ల అవతల ఆసిడ్ ట్యాంకుల వాసన వస్తుంటుంది. మిషన్ మీద నుంచి దిగిన అల్యూమినియం పార్టు నల్లగానో, నీలంగానో, వెండి రంగులోనో తయారవ్వాలంటే ఆ ట్యాంకుల దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ పనిచేసేవాళ్లలో హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. పార్టులు చేయించుకునే చిన్న కంపెనీల్లోనూ మనవాళ్లున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా ఈ అనోడైజింగ్ పని ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను.

మొదటే ఒక మాట. రంగు వేసినప్పుడు బయటపడే లోపాల్లో ఎక్కువ భాగం రంగు ట్యాంకులో పుట్టినవి కావు. అంతకుముందు జిగ్ (పార్టులను పట్టుకుని వేలాడదీసే, కరెంటు అందించే చట్రం) కట్టేటప్పుడో, కడిగేటప్పుడో పుట్టి, రంగు పడ్డాక కంటికి కనిపిస్తాయి. అందుకే కరెంటు గురించి కంటే ఆ పనుల గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

అసలు జరిగేదేమిటి?

గాలి తగిలిన అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడ్ పొర దానంతట అదే ఏర్పడుతుంది. దాని మందం 2 నుంచి 4 నానోమీటర్లు. ఆ పొరను కరెంటుతో 10, 15, 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా పెంచడమే అనోడైజింగ్. పార్టును సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లలో ముంచి, డీసీ కరెంటు ప్లస్ వైపు కలుపుతారు. సీసం లేదా అల్యూమినియం ప్లేట్లను మైనస్ వైపు కలుపుతారు. పైన ఏదో పూసినట్టు కాదిది. పార్టు ఉపరితలంలోని లోహమే ఆక్సైడ్‌గా మారుతుంది, అందుకే పెయింటులా పెచ్చులూడదు. ఈ పొర నిండా కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. రంగు పట్టేది ఆ రంధ్రాల్లోనే. చివర్లో సీలింగ్ చేసి వాటిని మూసేస్తారు.

బ్రిటన్‌లో 1923లో బెంగఫ్, స్టువర్ట్ అనే ఇద్దరు సముద్ర విమానాల డ్యూరాలుమిన్ (రాగి కలిపిన అల్యూమినియం మిశ్రమం) భాగాలు ఉప్పునీటికి తినిపోకుండా క్రోమిక్ ఆసిడ్‌తో ఈ పని చేశారు. 1927లో సల్ఫ్యూరిక్ ఆసిడ్ పద్ధతి వచ్చింది. ఇప్పుడు మామూలు జాబులన్నీ ఈ రెండో పద్ధతిలోనే నడుస్తున్నాయి.

1. లోహం గ్రేడు తెలుసుకోండి

గ్రేడు (అల్యూమినియంలో ఏమేం కలిసిందో చెప్పే నంబరు) తెలియకుండా లాట్ తీసుకోకండి, గ్రేడు రాయకుండా లాట్ పంపకండి. 6061, 6063, 5052 చక్కగా అనోడైజ్ అవుతాయి. 2024లో రాగి ఎక్కువ కాబట్టి పొర మెత్తగా, కాస్త పసుపు బూడిద ఛాయలో వస్తుంది. 7075 ఫరవాలేదు గానీ 6061 పక్కన పెడితే షేడ్ తేడా తెలిసిపోతుంది. డై కాస్టింగ్‌లో వాడే ఏడీసీ12, ఎల్ఎమ్6 లాంటి వాటిలో సిలికాన్ 10 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. సిలికాన్ అనోడైజ్ అవ్వదు. వాటికి ముదురు బూడిద రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఎర్ర రంగు, నీలం రంగు కావాలని కాస్టింగ్ పంపేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పేయాలి, తర్వాత గొడవ ఉండదు.

వెల్డింగ్ ఉన్న జాబు అయితే ఏ ఫిల్లర్ రాడ్ వాడారో అడగండి. 4043 రాడ్‌లో సిలికాన్ ఉంటుంది కాబట్టి అనోడైజింగ్ తర్వాత వెల్డు గీత నల్లగా తేలుతుంది. కంటికి కనిపించే చోట 5356 వాడమనండి.

సైజు కూడా ఇప్పుడే చూసుకోవాలి. మామూలు అనోడైజింగ్‌లో పొర మందంలో సుమారు మూడింట రెండొంతులు లోపలికి, ఒక వంతు బయటికి పెరుగుతుంది. 15 మైక్రాన్ల పొరకు ఒక్కో ముఖం 5 మైక్రాన్లు ఉబ్బుతుంది, అంటే రంధ్రం వ్యాసం 10 మైక్రాన్లు తగ్గుతుంది. 0 నుంచి 5 డిగ్రీల చల్లటి బాత్‌లో (ట్యాంకులోని ఆసిడ్ ద్రావణంలో) చేసే హార్డ్ అనోడైజింగ్‌లో పొర సగం లోపలికి, సగం బయటికి పెరుగుతుంది. 50 మైక్రాన్ల హార్డ్ కోటింగ్‌కు రంధ్రం 0.05 మిల్లీమీటర్లు చిన్నదవుతుంది. 608 బేరింగ్ కూర్చునే 22 మిల్లీమీటర్ల హెచ్7 రంధ్రానికి ఇచ్చే టాలరెన్స్ (సైజులో అనుమతించే తేడా) మొత్తం 0.021 మిల్లీమీటర్లు మాత్రమే! మిషనింగ్‌లోనే ఆ తేడా వదలాలి, లేదా ఆ రంధ్రానికి రబ్బరు ప్లగ్ పెట్టి మాస్కింగ్ చేయాలి. స్టీలు హెలికాయిల్ (థ్రెడ్ లోపల పెట్టే తీగ చుట్ట), ఇత్తడి బుష్ లాంటివి ఉంటే తీసేయాలి. అవి ఆసిడ్‌లో కరిగిపోతూ కరెంటునంతా లాగేసుకుంటాయి.

2. జిగ్ కట్టడం

ఈ పని కొత్తవాళ్లకు అప్పగించడం మామూలే. నా లెక్కలో మాత్రం షాపులో అందరికంటే అనుభవం ఉన్న మనిషి చేయాల్సిన పని ఇది. కారణం ఉంది. అనోడైజింగ్ పొర కరెంటును పోనివ్వదు. పార్టు మధ్యలో ఒక్కసారి కదిలి, కాంటాక్ట్ పాయింట్ కింద పొర పెరిగిందంటే ఇక ఆ పార్టుకు కరెంటు అందదు. మళ్లీ సర్ది కట్టినా లాభం లేదు. రంగులో ముంచినప్పుడు ఆ ఒక్క పార్టు వెలిసిపోయినట్టు వస్తుంది. రంగు బాగోలేదని డై (రంగు ద్రావణం) మారుస్తారు, పీహెచ్ చూస్తారు, తప్పు మాత్రం వదులైన క్లిప్పుది.

కట్టాక జిగ్‌ను చేత్తో గట్టిగా ఊపండి. ఏ పార్టు కదిలినా విప్పి మళ్లీ కట్టండి. అల్యూమినియం జిగ్ అయితే ప్రతి లాట్ తర్వాత దాని మీది పొరను కాస్టిక్‌లో తీసేయాలి. టైటానియం జిగ్‌కు ఆ బెడద ఉండదు, ఖరీదు ఎక్కువ. జిగ్ ముట్టుకున్న చోట చిన్న మచ్చ తప్పదు, అది ఎక్కడ రావచ్చో కస్టమర్‌ను అడిగి డ్రాయింగ్ మీద గుర్తు పెట్టించుకోండి.

పార్టు ఏ కోణంలో వేలాడుతుందన్నదీ చూడాలి. ఒకవైపు మూసుకుపోయిన రంధ్రం నోరు కిందికి ఉంటే అందులో గాలి చిక్కుకుంటుంది, లోపల పొర రాదు. పూర్తిగా పైకి ఉంటే ఆసిడ్ నిలిచిపోతుంది. ఏటవాలుగా కట్టి, ప్రతి ట్యాంకు తర్వాత వంచి ఒంపాలి. సరిగా ఒంపకపోతే ప్యాకింగ్ అయిన కొన్ని రోజులకు ఆ ట్యాప్ హోల్ చుట్టూ తెల్లటి చార దిగుతుంది.

3. కడగడం

మిషనింగ్ నూనె, పాలిషింగ్ మైనం, చేతి జిడ్డు అన్నీ పోవాలి. లోహాన్ని తినని మైల్డ్ ఆల్కలైన్ క్లీనర్‌లో 50 నుంచి 60 డిగ్రీల వేడిలో 5 నిమిషాలు ఉంచి, నీళ్లలో కడగండి. పోయిందో లేదో తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. పార్టును నీళ్లలోంచి ఎత్తి వెలుతురుకు పట్టి చూడండి. నీళ్లు పల్చటి తెరలా అంతటా అంటుకుని ఉంటే శుభ్రమైనట్టు. ఎక్కడైనా తెర విరిగి, తామరాకు మీద బొట్లలా ముద్ద కడితే అక్కడ జిడ్డుంది. వెనక్కి క్లీనర్‌లో వేయండి. ఇక్కడి నుంచి ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.

4. ఎచింగ్, స్మట్ తీయడం

ఎచింగ్ అంటే కాస్టిక్‌తో పై పొరను కాస్త తినిపించడం. లీటరుకు 50 గ్రాముల కాస్టిక్ సోడా, 50 నుంచి 60 డిగ్రీల వేడి, 2 నుంచి 5 నిమిషాలు. పాత ఆక్సైడ్, సన్నటి గీతలు పోయి మ్యాట్ ఫినిష్ వస్తుంది. పార్టు నిండా బుడగలొస్తాయి. అది హైడ్రోజన్, మండే గ్యాస్. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆడుతూ ఉండాలి, దగ్గర్లో వెల్డింగ్ పని పెట్టకూడదు. నిమిషాలు మీరితే లోహం తినిపోతుంది, సన్నటి థ్రెడ్లు ముందు పోతాయి.

ఎచింగ్ నుంచి పార్టు మసి పట్టినట్టు నల్లగా బయటికొస్తుంది. కాస్టిక్‌లో కరగని రాగి, ఇనుము, సిలికాన్ లాంటివి మిగిలిపోవడం వల్ల వచ్చేదే ఈ స్మట్. మామూలు గ్రేడులకు 25 శాతం దాకా నైట్రిక్ ఆసిడ్‌లో ఒకటి రెండు నిమిషాలు ముంచితే పోతుంది. తెల్ల గుడ్డతో ఒక మూల తుడిచి చూడండి, నలుపు అంటకూడదు. ప్రతి ట్యాంకుకూ మధ్య రెండు సార్లు నీళ్లలో కడగాలి. ఒక ట్యాంకు నీళ్లు ఇంకో ట్యాంకులోకి పోతే బాత్ పాడవుతుంది.

5. అనోడైజింగ్ ట్యాంకు

బాత్‌లో లీటరుకు 165 నుంచి 200 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆసిడ్, వేడి 18 నుంచి 22 డిగ్రీలు. బాత్ తయారు చేసేటప్పుడు నీళ్లలోకి ఆసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. ఆసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లజోడు, గ్లవ్స్, ఏప్రాన్ లేకుండా దగ్గరికి రానివ్వకండి. ఇదే కారణంతో ఇంట్లో బకెట్ పెట్టి ప్రయత్నించవద్దని చెబుతాను.

కరెంటు లెక్క ఇలా వేయాలి. 100 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 5 మందం ఉన్న ప్లేటు ఉందనుకోండి. రెండు ముఖాలు కలిపి 1 చదరపు డెసీమీటరు, అంచులు 0.15. మొత్తం 1.15. అలాంటివి 40 కడితే 46 చదరపు డెసీమీటర్లు. చదరపు డెసీమీటరుకు 1.5 ఆంపియర్ల చొప్పున దాదాపు 70 ఆంపియర్లు పెట్టాలి. అల్యూమినియం జిగ్ అయితే మునిగిన దాని భాగమూ లెక్కలోకి వస్తుంది.

టైముకు షాపులో నడిచే లెక్క: చదరపు డెసీమీటరుకు 3 ఆంపియర్-నిమిషాలు పోతే సుమారు ఒక మైక్రాన్ పెరుగుతుంది. 15 మైక్రాన్లకు 45 ఆంపియర్-నిమిషాలు, అంటే 1.5 చొప్పున 30 నిమిషాలు. రెక్టిఫయర్‌ను (ఏసీని డీసీగా మార్చి ఇచ్చే యంత్రాన్ని) ఒక్కసారిగా పెంచకుండా ఒకటి రెండు నిమిషాల్లో మెల్లగా పైకి తీసుకెళ్లండి. వోల్టేజి సాధారణంగా 12 నుంచి 18 మధ్య నిలుస్తుంది. పక్కనే ఉండి ఆమీటర్ చూడండి. వోల్టేజి కదలకుండా ఆంపియర్లు ఉన్నట్టుండి పడితే ఎక్కడో క్లిప్పు జారిందని అర్థం.

ఈ పనిలో వేడి బాగా పుడుతుంది. ఏప్రిల్‌లో చిల్లర్ (బాత్‌ను చల్లబరిచే యంత్రం) ఆగితే బాత్ చూస్తుండగానే 25 దాటుతుంది. అప్పుడు వచ్చే పొర మెత్తగా, వేలితో రుద్దితే సుద్దపొడిలా రాలుతుంది. చిల్లర్‌తో పాటు గాలి బుడగలతో కలియబెట్టడమూ ఆగకూడదు. బాత్‌లో కరిగిన అల్యూమినియం లీటరుకు 20 గ్రాములు దాటితే కొంత తీసి కొత్త ఆసిడ్ పోయాలి. బోరు నీళ్లలోని క్లోరైడ్ పార్టు మీద సూదిమొన లాంటి గుంటలు తెస్తుంది, కాబట్టి బాత్‌కు డీఎమ్ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) వాడటం మేలు.

6. రంగు

ఆసిడ్ రంధ్రాల్లో మిగలకుండా చల్లటి నీళ్లలో బాగా కడగాలి. వేడి నీళ్లు వద్దు, రంధ్రాలు ముందే మూసుకుపోతాయి. పార్టు ఆరకముందే డై ట్యాంకులో వేయండి. ఎక్కువ డైలకు 50 నుంచి 60 డిగ్రీలు, పీహెచ్ 5 నుంచి 6, టైము 5 నుంచి 15 నిమిషాలు. నిండైన నలుపు కావాలంటే పొర కనీసం 15 మైక్రాన్లు ఉండాలి, తక్కువైతే ఊదా ఛాయ కొడుతుంది. వెండి రంగే చాలంటే ఈ మెట్టు ఉండదు.

7. సీలింగ్

డెలివరీ తొందరలో చాలామంది కోత పెట్టేది దీని టైములోనే. సీలింగ్ సరిగా లేని పార్టు డెలివరీ రోజు అందంగానే ఉంటుంది, కొన్ని నెలల్లో ఎండకు వెలిసి, చెమట మరకలు పీల్చుకుంటుంది.

మరిగే డీఎమ్ వాటర్‌లో మైక్రాన్‌కు 3 నిమిషాల చొప్పున, 15 మైక్రాన్లకు 45 నిమిషాలు ఉంచాలి. ఆక్సైడ్ నీటిని పట్టుకుని ఉబ్బి రంధ్రాన్ని మూసేస్తుంది. నీళ్లు 96 డిగ్రీలకు తగ్గకూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తుంటారు.

"అన్నా, నీళ్లు తెర్లుతున్నాయి గానీ మీటర్ 100 చూపించట్లేదు. హీటర్ పోయిందా?"

"హీటర్ బాగానే ఉంది తమ్ముడూ. బెంగళూరు ఎత్తులో నీళ్లు 97కే మరుగుతాయి. మూత మాత్రం తీయొద్దు."

ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది మరి. చెన్నైలో 100 దగ్గర మరిగే ట్యాంకుకు నాలుగు డిగ్రీల వెసులుబాటుంటే, ఇక్కడ ఉన్నది ఒక్క డిగ్రీ. చల్లటి జిగ్‌లు ఒకేసారి దించినా, మూత తెరిచి ఉంచినా 96 కిందికి పడిపోతుంది. రంగు జాబులకు 80, 85 డిగ్రీల్లో పనిచేసే నికెల్ ఎసిటేట్ సీలింగ్ ఇక్కడ అందుకే సుఖం. రంగు నీళ్లలోకి దిగిపోవడమూ తగ్గుతుంది.

8. పరీక్ష

మందం ఎడీ కరెంట్ గేజ్‌తో చూస్తారు. ఐఎస్ 1868 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఏసీ15 తరగతి అంటే సగటున 15 మైక్రాన్లు. గేజ్ లేకపోతే మల్టీమీటర్ కొసలు పార్టు మీద మెల్లగా ఆనించండి. కరెంటు పోతుంటే అక్కడ పొర లేనట్టు. మందం మాత్రం ఇది చెప్పదు. సీలింగ్‌కు మార్కర్ ఇంకు చుక్క పెట్టి కొన్ని నిమిషాల తర్వాత తడిగుడ్డతో తుడవండి, మరక మిగిలితే మళ్లీ సీలింగ్ చేయాలి. పొరే బాగాలేకపోతే కాస్టిక్‌లో తీసేసి మళ్లీ చేయొచ్చు. కానీ ఆ పొరగా మారిన లోహం కూడా పోతుంది, సైజు తగ్గుతుంది. టాలరెన్స్ బిగుతుగా ఉన్న జాబుకు కస్టమర్‌ను అడగకుండా ఆ పని చేయకండి.

9. వాడిన నీళ్లు

పీణ్య భూగర్భ జలాల్లో క్రోమియం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. చుట్టుపక్కల బోర్లు వాడుకునేవాళ్లకు దాని బాధ తెలుసు. సల్ఫ్యూరిక్ అనోడైజింగ్‌లో క్రోమియం లేదు గానీ ఆసిడ్, కాస్టిక్, కరిగిన అల్యూమినియం, సీలింగ్ నుంచి నికెల్ ఉంటాయి. వాటిని కాలువలోకి వదలడానికి ఏ సాకూ చాలదు. కాస్టిక్ ట్యాంకు కడిగిన నీళ్లను, ఆసిడ్ కడిగిన నీళ్లను ఒకచోట మెల్లగా కలిపితే ఒకదాన్నొకటి చాలావరకు చంపేసుకుంటాయి. మిగిలినదాన్ని సున్నంతో పీహెచ్ 7 దగ్గరికి తేవాలి. అప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లటి జావలా అడుగుకు దిగుతుంది. పీహెచ్ 9 దాటనిస్తే అది మళ్లీ కరిగిపోతుంది. నికెల్ దిగడానికి మాత్రం 9 పైనే కావాలి, అందుకే సీలింగ్ నీళ్లను వేరుగా పట్టి వేరుగా శుద్ధి చేయాలి. దిగిన బురదను ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, సంచుల్లో కట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇచ్చి రసీదు తీసుకోండి.