లాక్‌డౌన్‌లో పన్ను నొప్పి వస్తే

పన్ను తొలిచే ఎయిరోటార్ తిరిగినా, గార తీసే స్కేలర్ పెట్టినా ఉమ్మి తుంపరై గాల్లోకి లేస్తుంది, దాంతోపాటే కరోనా వైరస్ కూడా. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడ్డాక పళ్ల వైద్యం అత్యవసర కేసులకే పరిమితమైంది అందుకే. జనం మందుల షాపు దారి పట్టారు. ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ దాకా వచ్చింది. మళ్లీ అలాంటి రోజులొస్తే ఏం చేయాలో చూడండి.

ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఏ పన్ను, ఎన్నాళ్లుగా, చల్లనీళ్లకు జివ్వుమంటుందా, రాత్రి నిద్ర లేపుతుందా, సుగర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా చెప్పండి. దగ్గు, జ్వరం దాచొద్దు. డాక్టరుకు పంపే ఫొటో కిటికీ వెలుతురులో, చెంచా వెనకవైపుతో బుగ్గ పక్కకు లాగి తీయండి. ఫ్లాష్ వేస్తే ఎర్రటి చిగురూ తెల్లగా పడుతుంది.

వాపు దవడ కిందికి, మెడలోకి దిగినా, మింగడం కష్టమైనా, నోరు రెండు వేళ్ల మేర తెరుచుకోకపోయినా క్లినిక్కు కోసం వెతకొద్దు. విశాఖలో గాజువాకైనా భీమిలైనా 108 పిలిచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లండి. ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదముంది. కోవిడ్ తగ్గాక, ముఖ్యంగా సుగరున్నవాళ్లకు, పైపళ్లు ఒకేసారి కదిలినా, బుగ్గ మొద్దుబారినా, అంగిలి నల్లబడినా అదీ ఆ రోజే చూపించాలి. 2021లో బ్లాక్ ఫంగస్ చాలామందిలో ఇలాగే బయటపడింది.

దెబ్బ తగిలి పెద్దవాళ్ల పన్ను ఊడితే తెల్లటి భాగమే పట్టుకోండి, వేరును రుద్దొద్దు. నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, ఊడిన చోటే పెట్టి గుడ్డ కొరికించండి. కుదరకపోతే చల్లటి పాలలో వేసి అరగంటలో, మహా అయితే గంటలో డాక్టరు దగ్గరికి చేరాలి. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరు.

నొప్పికి పెద్దలు పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి వేసుకోవచ్చు. లివర్ జబ్బుంటే అడిగి వేసుకోండి. లవంగనూనె ఒక్క చుక్క దూదికి అద్ది పుచ్చులోనే పెట్టాలి, చిగురుకు తగిలితే కాలుతుంది. ఆస్పిరిన్ పొడి అసలు అద్దొద్దు. యాంటీబయాటిక్ పంటి నరం నొప్పిని తగ్గించదు. వేసుకున్నాక నొప్పి మాయమైతే చాలాసార్లు నరం చచ్చిందన్నమాట, తర్వాత వేరు దగ్గర చీము పడుతుంది.

క్లీనింగ్, కట్టుడు పళ్ల కొలతలు, క్లిప్పుల బిగింపు ఆగుతాయి. గుచ్చుకునే తీగకు క్లిప్పుల మైనం అద్దితే చాలు. సగంలో ఆగిన రూట్ కెనాల్ మాత్రం అలా వదలొద్దు. తాత్కాలిక ఫిల్లింగ్ కొన్ని వారాలకే అంచు వదిలేస్తుంది, లోపలికి మళ్లీ ఉమ్మి చేరుతుంది. క్లినిక్కులు తెరవగానే మొదటి అపాయింట్‌మెంట్ దానికే అడగండి.