పాత లారీ కొనేముందు ఆయిల్ మూత విప్పి చూడండి

సిటీ లోడ్లకు పాత బండి కోసం హైదరాబాద్ ఆటోనగర్‌లో తిరిగితే అన్నీ కొత్త పెయింట్‌తో మెరుస్తుంటాయి, లోపల ఇంజిన్ సంగతే అంతుపట్టదు.

పొద్దున్నే వెళ్లి ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే అప్పటికే స్టార్ట్ చేశారన్నమాట, మర్నాడు రండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి, 10 నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత విప్పి ఆ రంధ్రం మీదే బోర్లా పెట్టండి. కాస్త ఆవిరి వస్తే పర్లేదు. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున కొడితే పిస్టన్ రింగులు, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అరిగినట్టే. ఆ పని ఖర్చు ధరలో తగ్గించమనండి, లేదా వదిలేయండి.

చిక్కటి ఆయిల్ కొత్తగా పోసుంటే మాత్రం ఈ అరుగుదల ఈ పరీక్షకు దొరకదు. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడండి. నడిచే డీజిల్ బండిలో ఆయిల్ నల్లగానే ఉంటుంది. తేనెరంగులో ఉంటే ఈమధ్యే మార్చారు, అప్పుడు లోడుతో ఎత్తు ఎక్కించి చూడాల్సిందే.

క్యాబిన్ అంటారా, జీడిమెట్ల, కాటేదాన్ ట్రిప్పులకు పడక లేని డే క్యాబిన్ చాలు, లోడ్ బాడీకి చోటు మిగులుతుంది. సిటీలోకి లారీలకు నో ఎంట్రీ ఎత్తేదాకా ఔటర్ రింగ్ రోడ్ దగ్గర గంటలకొద్దీ ఆగే పనైతే పడక ఉన్న స్లీపర్ క్యాబినే తీసుకోండి, డ్రైవర్ కాసేపు నడుం వాల్చాలి కదా.