సమన్లు సరిగ్గా ఎలా అందజేయాలి? కొత్త ప్రాసెస్ సర్వర్ల కోసం

సమన్లను మనకు పంచి, తిరిగి తీసుకునే కోర్టు అధికారి నాజర్ గారు. ఆయన దగ్గర కాగితాలు తీసుకోగానే మూడు విషయాలు చూసుకోండి: వాయిదా తేదీ, ప్రతివాది పూర్తి చిరునామా, కాపీల లెక్క. ప్రతి సమన్‌కూ దావా నకలు జతచేసి ఉండాలి, లేకపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి. గుడ్డ సంచి, రెండు పెన్నులు, ఇంకుప్యాడు, మైదా ఉడికించిన జిగురు డబ్బా ఉంటే చాలు. సెల్లోటేప్ వద్దు, దుమ్ము పట్టిన తలుపు మీద పొద్దుటికల్లా ఊడిపోతుంది.

ఊళ్లోకి ఆరున్నరకల్లా చేరాలి. పదకొండింటికి వెళ్తే పల్లెలో అందరూ పొలాల్లో ఉంటారు, పట్నంలో ఆఫీసుల్లో ఉంటారు. ముందు ఫోన్ చేసి ‘ఇంట్లో ఉన్నారా’ అని అడగొద్దు. తప్పించుకునేవాళ్లకు మనమే దారి చూపినట్టవుతుంది.

మనిషి దొరికితే పేరు, తండ్రి పేరు అడిగి సరిచూసుకోండి. కేసు నంబరు, వాయిదా తేదీ చదివి వినిపించి కాపీ ఇవ్వండి, ఒరిజినల్ మీద సంతకం తీసుకోండి. చదువు రానివారైతే వేలిముద్ర వేయించి, పక్కన ఒక సాక్షి సంతకం పెట్టించండి. అంతే.

మనిషి ఇంట్లో లేక, త్వరలో వచ్చే సూచన కూడా లేకపోతే, అతనితో కలిసి ఉంటున్న, వయసు వచ్చిన కుటుంబ సభ్యులకు ఇవ్వొచ్చు. భార్యకు ఇస్తే చెల్లదని ఇప్పటికీ కొందరు సీనియర్లు చెబుతుంటారు. అది సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు 1976లో వచ్చిన సవరణకు ముందు మాట. ఇప్పుడు ఆడవారైనా మగవారైనా ఒకటే. పనిమనిషి మాత్రం కుటుంబ సభ్యురాలు కాదు, ఆమె చేతిలో పెట్టి వచ్చేయకండి.

ఇక అంటింపు. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 17వ రూలు ప్రకారం రెండు సందర్భాల్లోనే కాపీని తలుపుకు అంటించాలి. ఒకటి, తీసుకున్నట్టు సంతకం పెట్టనన్నప్పుడు. రెండు, తగినంత శ్రద్ధగా వెతికినా మనిషి దొరకక, అతని తరఫున తీసుకునేవారూ లేనప్పుడు. ఎన్నిసార్లు వెళ్లాలో చట్టం లెక్క చెప్పదు, నేను చెబుతాను: మూడుసార్లు. వేర్వేరు రోజుల్లో, ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి దీపాలు పెట్టాక. ఒక్కసారి తాళం చూసి జిగురు డబ్బా తీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నాతో పనిచేసిన ఒకాయన అలాగే చేశాడు. ఆ ఇంటివాళ్లు నాలుగు రోజులు తీర్థయాత్రకు వెళ్లారు. పక్కింట్లో అడిగుంటే తెలిసేది. వానకు కాగితం తడిసి రాలిపోయింది, ప్రతివాది కోర్టుకు రాలేదు, ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అతను లేకుండానే తీర్పు, అయిపోయింది. తర్వాత ప్రతివాది సమన్లు సరిగ్గా అందలేదని పిటిషన్ వేస్తే కోర్టు డిక్రీని రద్దు చేసింది. పాపం, ఏ తప్పూ లేని వాది కేసు మళ్లీ మొదటికొచ్చింది.

అంటించాల్సింది అతను మామూలుగా నివసించే లేదా పనిచేసే చోట, బయటి తలుపు మీద గానీ అందరికీ కనపడే భాగంలో గానీ. అమ్మేసిన పాత ఇంటికో వీధి స్తంభానికో అంటిస్తే అంటించనట్టే లెక్క. అందుకే ఇల్లు చూపించే మనిషి కావాలి. అతని ఎదుటే అంటించి, అతని పేరు, చిరునామా రిటర్న్‌లో, అంటే సమన్లు ఎలా అందజేశారో కోర్టుకు రాసిచ్చే నివేదికలో, రాయండి. సంతకం కూడా తీసుకోండి.

‘డోర్ లాక్, అంటించితిని’ అని రాస్తే రిటర్న్ కాదు. ఏ తేదీన ఎన్ని గంటలకు వెళ్లారు, ఎవరిని అడిగారు, వాళ్లేం చెప్పారు, ఎందుకు అంటించాల్సి వచ్చింది, అన్నీ ఉండాలి. వద్దన్న మనిషి ఏ మాటలతో వద్దన్నాడో ఆ మాటలే రాయండి. కుర్రాళ్లు ఫోన్‌లో ఫొటో తీసి పని అయిపోయిందనుకుంటున్నారు. తీయండి, మంచిదే. కానీ మీరు ఎన్నిసార్లు వెళ్లారో, పక్కింటివారు ఏమన్నారో ఫొటో చెప్పదు. వివరాలు ఆ గుమ్మం ముందే రాసుకోండి, సాయంత్రం ఆఫీసులో గుర్తుచేసుకుని కాదు.

అంటించి వచ్చిన రిటర్న్‌కు అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం, జతచేయకపోతే జడ్జి గారు మిమ్మల్ని ప్రమాణం మీద విచారిస్తారు. జతచేసినా పిలిచి అడగొచ్చు. వాయిదాకు కనీసం రెండు రోజుల ముందే నాజర్ గారికి అప్పగించేయండి.