పాత లీనియా టీ-జెట్ కొనడం, మూడో పాఠం: చల్లటి ఇంజిన్ నుంచి సాయంత్రం ట్రాఫిక్ దాకా

ముందు గత పాఠంలో ఇచ్చిన లెక్క. 2010లో ఏపీ 09 నంబరుతో రిజిస్టరైన ఫియట్ లీనియా టీ-జెట్ కారు, మీటరు మీద 1,30,000 కి.మీ., అమ్మే ఆయన "పేపర్లన్నీ క్లియర్ అన్నా" అంటున్నాడు. అప్పుడు ఏం అడగాలి? సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే కాబట్టి దీని గడువు 2025లో అయిపోయింది. ఆర్టీఏలో ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకు పొడిగించారా? ఆర్సీ మీద కొత్త తేదీ లేకపోతే ఆ ఖర్చూ ఆ తిరుగుడూ మీవే. అదంతా ధరలో తగ్గాలి.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. ఇటలీ స్పోర్ట్స్ సెడాన్ అంటే ఆల్ఫా రోమియో, మాసెరాటీ గుర్తొస్తాయి. మొదటిది మన షోరూముల్లోకి రాలేదు, రెండోది మన జేబుకు అందదు. మిగిలింది ఫియట్ లీనియా టీ-జెట్. పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారైన కారు. 1368 సీసీ టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే) పెట్రోల్ ఇంజిన్, 114 పీఎస్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 2016లో వచ్చిన 125 ఎస్‌లో ఆ బలం 125 పీఎస్ అయింది. ఇదే ఇంజిన్ కుటుంబం యూరప్‌లో ఆల్ఫా మిటోలోనూ అబార్త్ 500లోనూ ఉంది. మన దేశంలో దీనికి చుట్టాలు తక్కువ. 1.3 డీజిల్ లీనియా ఇంజిన్ స్విఫ్ట్‌లోనూ ఉంది కాబట్టి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దాని సామాను అడిగితే దొరుకుతుంది. టీ-జెట్‌కు ఆ సుఖం లేదు. సస్పెన్షన్ సామాను చాలా వరకు ఫియట్ పుంటోతో కలుస్తుంది, ఇంజిన్ సామానుకు మాత్రం వెతకాలి, ఆర్డర్ పెట్టాలి, ఆగాలి. అందుకే కొనేముందు చూసే చూపు గట్టిగా ఉండాలి. ఈ పాఠమంతా ఆ చూపు గురించే.

కిలోమీటర్లను చూసి బెదరకండి. లక్షా ఇరవై వేలు తిరిగి, ఏడాదికోసారి ఆయిల్ మార్చిన బిల్లులున్న కారు నాకు ఇష్టం. నలభై వేలే తిరిగి సెల్లార్‌లో కవరు కప్పుకుని ఏళ్ల తరబడి పడున్న కారంటే అనుమానం. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ఎండిపోతుంది, ఆయిల్ పాతబడుతుంది, బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి. పైగా హైదరాబాద్‌లో సెల్లార్‌కు ఇంకో చరిత్ర ఉంది. 2020 అక్టోబరు వానలకు ఎన్నో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగాయి, అందులోని కార్లలో చాలావాటిని తుడిచి, పాలిష్ పెట్టి అమ్మేశారు. కాబట్టి సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బెల్టు అడుగు భాగాన్ని ఎవరూ కడగరు, బురద గీత అక్కడే ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో ఒండ్రు ఉందేమో, సీటు కింద పట్టాలకు తుప్పు ఉందేమో చూడండి. ఈ మూడింటిలో ఏది కనిపించినా నమస్కారం పెట్టి వచ్చేయండి. అక్కడ బేరం వద్దు.

ఇక ఇంజిన్. ముందురోజు రాత్రే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి, ఇంకో రోజు వస్తామని చెప్పి లేవండి. వేడెక్కిన ఇంజిన్ తన జబ్బుల్ని దాచుకుంటుంది.

స్టార్ట్ చేయకముందే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ నల్లగా ఉన్నా ఫర్వాలేదు, తక్కువగా ఉంటే మాత్రం అది తాగుతోందో కారుతోందో తేల్చుకోవాలి. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలుస్తోందన్న అనుమానం పెట్టుకోండి. కూలెంట్ డబ్బా మూత చల్లగా ఉన్నప్పుడే తెరవండి. లోపల శుభ్రమైన రంగు ఉండాలి. తుప్పు రంగు నీళ్లుంటే ఎవరో బోరు నీళ్లు పోసి కాలం గడిపారని అర్థం. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అది రేడియేటర్‌లోనూ వాటర్ పంప్‌లోనూ పేరుకుంటుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. జనవరి పొద్దున్న కాస్త తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కమనండి. అప్పుడు గుప్పున నీలం పొగ వస్తే టర్బో సీలో, వాల్వ్ సీళ్లో అరిగాయి. రెండూ ఖర్చే, టర్బో అయితే మరీ ఖర్చు.

వాల్వుల్ని వేళకు తెరిపించే టైమింగ్ బెల్ట్ గురించి కాస్త ఆగి మాట్లాడాలి. డీజిల్ లీనియాలో చైన్ ఉంటుంది, టీ-జెట్‌లో రబ్బరు బెల్ట్. అది నడుస్తూ తెగిందంటే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, ఆ బిల్లుతో పాత బైకు వస్తుంది. "మార్చాం సార్" అన్న మాట చాలదు. తేదీ, కిలోమీటర్లు ఉన్న బిల్లు కావాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి, కిలోమీటర్లతో పాటు వయసునూ లెక్కపెట్టండి. వాటర్ పంప్‌ను తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి బెల్ట్, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, పంప్ మూడూ ఒకేసారి మార్చించాలి. పంప్ ఉంచేసి బెల్ట్ ఒక్కటే మార్చే మెకానిక్ రేపు మళ్లీ కూలీ తీసుకుంటాడు.

నడిపి చూడటానికి గచ్చిబౌలి దాటాక ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీసు రోడ్డు బాగుంటుంది. మొదట మెల్లగా నడపండి, టెంపరేచర్ ముల్లు మధ్యకు రానివ్వండి. 2000 ఆర్పీఎం లోపు ఈ కారు బద్ధకంగానే ఉంటుంది, అది జబ్బు కాదు, టర్బో స్వభావం. పూర్తి టార్క్, అంటే లాగే బలం, 207 ఎన్ఎం వచ్చేది 2200 దగ్గర. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేరులో 40 మీద పూర్తిగా నొక్కండి. ఆర్పీఎం ముల్లు 2200 దాటగానే వీపు సీటుకు అతుక్కోవాలి. ఆర్పీఎం ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. లాగుడు లేకుండా ఉస్సుమని గాలి శబ్దం వస్తే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు ఎక్కడో చిట్లింది, ఇది చిన్న ఖర్చే, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది. గుక్క తిప్పుకోలేనట్టు కుదుపులొస్తే ముందు స్పార్క్ ప్లగ్గులు, ఆ తర్వాత వాటికి కరెంటిచ్చే కాయిళ్లు అనుమానించండి. పరుగు మీద టెంపరేచర్ ముల్లు మధ్య నుంచి కిందికి జారితే కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది.

తర్వాత ఏదైనా కాలనీలోకి తిప్పండి. స్పీడ్ బ్రేకర్లకు మన దగ్గర కొదవ లేదు. టకటకమంటే లింక్ రాడ్లు, దబ్బుమంటే సస్పెన్షన్ పైన మౌంటింగులు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్. ఈ మోడల్‌లో స్టీరింగ్ హైడ్రాలిక్ కాబట్టి ఆయిల్ కారుతోందేమో కింద వంగి చూడండి.

చాలామంది చేయని పరీక్ష ఒకటుంది. సాయంత్రం ఆరింటికి సైబర్ టవర్స్ నుంచి బయోడైవర్సిటీ దాకా ఏసీ వేసి పాకించండి. అమ్మేవాడు గొణుగుతాడు, గొణగనివ్వండి. టెంపరేచర్ ముల్లు మధ్య దాటకూడదు. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం, ఆగడం వినిపించాలి. ఫియట్లలో ఫ్యాన్ రెసిస్టర్ పోవడం మామూలే. అది పోతే నెమ్మది వేగం పోతుంది, ఆగినచోట ఏసీ వేడిగాలి కొడుతుంది, వేడి పెరిగాక ఫ్యాన్ ఒక్కసారిగా గట్టిగా తిరుగుతుంది.

టింకరింగ్, పెయింటు సంగతి మీ కంటికే వదిలేస్తున్నాను. నగరంలో గీతల్లేని పాత కారు ఉంటే దానికి కొత్త పెయింటు వేసినట్టే. ఎలక్ట్రికల్స్‌కు కారు కంప్యూటర్లను చదివే మల్టీఈసీయూస్కాన్ సాఫ్ట్‌వేర్ ఉన్న మెకానిక్‌ను వెంటబెట్టుకోండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లోపాలు అందులో బయటపడతాయి. ఫోన్‌ను కారుకు కలిపే బ్లూ అండ్ మీ పని చేయకపోతే పట్టించుకోకండి, ఫోన్ హోల్డర్ కొనుక్కోండి. రెండో తాళం మాత్రం అడిగి తీసుకోండి.

కొన్నాక మొదటి నెలలోనే చేయాల్సినవి: బెల్ట్ సెట్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ప్లగ్గులు, గట్టిబడిన రబ్బరు పైపులు. అందుకే చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టొద్దంటాను, నాలుగో వంతు పక్కన ఉండాలి. ఆ డబ్బు లేకపోతే కారు చూడటానికే వెళ్లకండి. ఓఆర్ఆర్ మీద గట్టిగా పరిగెత్తించి వచ్చినప్పుడు వెంటనే తాళం తిప్పేయకండి, ఒకట్రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే వేడెక్కిన టర్బో బేరింగుల్లో ఆయిల్ మాడదు.

అభ్యాసం: 2014 మోడల్, టీఎస్ 07 నంబరు, 92,000 కి.మీ. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంది. బెల్ట్ మార్చిన బిల్లు ఉంది, తేదీ 2017. ఓఆర్ఆర్ పక్కన నడిపితే టెంపరేచర్ ముల్లు మధ్యకన్నా కిందికి జారింది. నాలుగో గేరు పరీక్షలో లాగుడు బాగుంది. స్టెప్నీ గుంట శుభ్రంగా ఉంది కానీ అక్కడ మాత్రమే పెయింటు కొత్తగా ఉంది. వీటిలో బేరానికి పనికొచ్చేవి ఏవి, ఇంకో రోజు వస్తామని చెప్పాల్సింది దేనికి, నమస్కారం పెట్టి వచ్చేయాల్సింది దేనికి? కాగితం మీద రాసి ఉంచండి. నాలుగో పాఠం ఈ కారు బేరంతోనే మొదలవుతుంది.