పిల్లల బ్యాటరీ కారు స్పీడ్ తగ్గించాలి, కానీ బండి బలం పోకూడదు, ఎలా?

పిల్లల బ్యాటరీ కార్లతో ఉన్న తలనొప్పి ఏంటంటే, చాలావాటిలో పెడల్ అనేది వట్టి స్విచ్, కొంచెం నొక్కితే కొంచెం, గట్టిగా నొక్కితే ఎక్కువ అనేది ఉండదు, కాలు ఆనిందా బ్యాటరీ మొత్తం మోటార్లకి వెళ్ళిపోతుంది. రెండేళ్ళ పిల్ల కాలు పెట్టగానే బండి గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయి గోడకి గుద్దుతుంది, పిల్ల భయపడి కాలు తియ్యడం మానేసి ఇంకా గట్టిగా నొక్కుతుంది.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బండిలో ఆల్రెడీ ఏముందో చూడండి. రిమోట్ ఉన్న బళ్ళలో చాలావాటికి రిమోట్ మీదే రెండు మూడు స్పీడ్లు ఉంటాయి, ఆ బటన్ ఉందని కూడా తెలియకుండా ఫుల్ లోనే తిప్పేవాళ్ళు ఉన్నారు. పవర్ వీల్స్ అనే బ్రాండ్ బళ్ళలో రెండు స్పీడ్లున్న వాటికైతే గేర్ లివర్ దగ్గర హై స్పీడ్ లాకౌట్ అని ఒక స్క్రూతో బిగించిన అడ్డు ఉంటుంది, అది ఉన్నంతకాలం బండి గంటకి 2.5 మైళ్ళు అంటే సుమారు 4 కిలోమీటర్లే పోతుంది, తీసేస్తే 5 మైళ్ళు, అంటే 8 కిలోమీటర్లు. ఎవరో వాడిన బండి మీ చేతికొస్తే ఆ అడ్డు తీసేసి ఉండొచ్చు, మళ్ళీ పెట్టుకుంటే పని అయిపోయినట్టే.

అలాంటివేం లేకపోతే సీటు ఎత్తి మోటార్లు ఎన్నో చూడండి. వెనక చక్రాలకి రెండు మోటార్లుంటే అన్నిటికన్నా తేలికైన దారి వాటిని సిరీస్ లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలపడం. మామూలుగా రెండూ ప్యారలల్ లో, అంటే దేనికది నేరుగా బ్యాటరీకి కలిసి ఉంటాయి, కాబట్టి 12 వోల్టుల బండిలో రెండిటికీ పూర్తి 12 వస్తుంది, సిరీస్ లో పెడితే ఒక్కోదానికి 6 వస్తుంది, ఇలాంటి డీసీ మోటార్ స్పీడ్ వోల్టేజీ వెంటే నడుస్తుంది కాబట్టి బండి దాదాపు సగానికి వస్తుంది. నిజానికి కంపెనీ వాళ్ళు లో గేర్ అని ఇచ్చేది చాలా బళ్ళలో ఇదే, లోపల గేర్ మారడం ఏమీ ఉండదు. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకెయ్యండి. తర్వాత రెండు మోటార్ల నుంచి వచ్చే నాలుగు వైర్లలో మొదటి మోటార్ ఎర్ర వైర్ అలాగే ఉంచండి, రెండో మోటార్ నల్ల వైర్ కూడా అలాగే ఉంచండి, మిగిలిన రెండూ, అంటే మొదటిదాని నల్లది రెండోదాని ఎర్రది, వాటి పాత జాయింట్ల నుంచి విడదీసి ఒకదానికొకటి కలపండి, ఊడిన చోట టేప్ వెయ్యండి. కొన్ని బళ్ళలో ఒక పక్క మోటార్ కి రంగులు తారుమారుగా ఉంటాయి ఎందుకంటే మోటార్లు ఎదురెదురుగా కూర్చుంటాయి, అందుకే మోటార్ దగ్గర రంగు చూసి కాదు, రెండు మోటార్ల వైర్లు ఒకే జాయింట్ లో కలిసే చోట ఏది దేనితో కలిసిందో చూసి చెయ్యాలి. చక్రాలు రెండూ ఒకే వైపు తిరిగితే కరెక్టు. రివర్స్, రిమోట్, హారన్ అన్నీ ఎప్పట్లాగే పని చేస్తాయి, బండి లాగలేక ఆగిపోయినప్పుడు బ్యాటరీ మీద పడే కరెంట్ అయితే నాలుగో వంతుకి పడిపోతుంది.

దీనికి ఒక లోటుంది. ఒక చక్రం గాల్లోకి లేచినా తడి గడ్డిలో జారినా వోల్టేజీ అంతా ఆ ఖాళీగా తిరిగే మోటారే తినేస్తుంది, నేల మీదున్న చక్రం కదలదు. చదును నేల మీద తిప్పేవాళ్ళకి ఇది పట్టదు కానీ గుంటలు గడ్డి ఉన్నచోట చికాకే.

అప్పుడు పీడబ్ల్యూఎమ్ స్పీడ్ కంట్రోలర్. ఇది కరెంట్ ని సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తుంది, ఆన్ లో ఉన్న వాటా ఎంతో మోటార్ కి అందే సగటు వోల్టేజీ అంత. ఆంపియర్ల రేటింగ్ మీ బండిలో ఫ్యూజ్ కన్నా ఎక్కువుండాలి, 12 వోల్టుల బళ్ళలో 30 ఆంపియర్ల ఫ్యూజ్ మామూలే కాబట్టి 10 ఆంపియర్ల బుల్లి బోర్డు కొనకండి, డబ్బా మీద రాసిన పెద్ద నంబర్ కూడా కాసేపటికే తప్ప ఎంతసేపైనా మోస్తుందని కాదు, కాస్త పెద్దదే తీసుకోండి. రిమోట్ బోర్డు, అంటే రిమోట్ సిగ్నల్ అందుకుని మోటార్లని నడిపే సర్క్యూట్, లేని సాదా బండి అయితే బ్యాటరీ, ఫ్యూజ్, కంట్రోలర్, ఆ తర్వాత పెడల్ స్విచ్, ఈ వరసలో పెట్టాలి. ఛార్జింగ్ పిన్ మాత్రం నేరుగా బ్యాటరీకే ఉండాలి. ఈ చౌక కంట్రోలర్లు చాలావరకు నెగిటివ్ వైపు కట్ చేస్తాయి, అంటే కంట్రోలర్ నుంచి మోటార్ కి పోయే నెగిటివ్, బ్యాటరీ నెగిటివ్ ఒకటి కాదు, హారన్ కోసమో లైట్ల కోసమో ఎక్కడైనా ఆ రెండూ కలిసిపోతే స్పీడ్ తగ్గదు, కంట్రోలర్ కి ఉండే స్పీడ్ నాబ్ ఎంత తిప్పినా ఫుల్లే. రిమోట్ బోర్డు ఉన్న బండికి దాని ముందు కంట్రోలర్ పెట్టకండి, అలా ముక్కలు ముక్కలుగా వచ్చే కరెంట్ తో ఆ బోర్డు పిచ్చిపిచ్చిగా చేస్తుంది, వాటికి సిరీస్ పద్ధతే మేలు.

నాబ్ ని పిల్లల చేతికి అందనివ్వకండి, సీటు కింద బిగించండి. ఇంకోటి, నాబ్ వైర్లు ఒక్కోటి ఊడదీసి చక్రాలు ఏం చేస్తున్నాయో చూడండి. కొన్ని కంట్రోలర్లు వైర్ తెగితే ఆగిపోతాయి, కొన్ని ఫుల్ స్పీడ్ కి ఎగిరిపోతాయి, ఈ రెండో రకం నాకైతే పిల్లల బండిలో వద్దు. ఈ పని బండి కింద ఇటుకలు పెట్టి చక్రాలు గాల్లో ఉన్నప్పుడే చెయ్యాలి.

మధ్యలో ఒక రెసిస్టర్ పెట్టేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు, ఎందుకంటే రెసిస్టర్ ఎంత వోల్టేజీ తినాలో కరెంట్ ని బట్టి మారుతుంది. అర ఓమ్ రెసిస్టర్ లో 10 ఆంపియర్లు పోతే 5 వోల్టులు పడిపోతాయి, 50 వాట్ల వేడి పుడుతుంది, ప్లాస్టిక్ బండిలో పిల్లల సీటు కింద అది ఎవరికి కావాలి? పైగా బండి కదలడానికి కరెంట్ ఎక్కువ కావాల్సినప్పుడు బలం చచ్చిపోతుంది, పల్లంలో కరెంట్ తక్కువ లాగేటప్పుడేమో స్పీడ్ దాదాపు మొత్తం వచ్చేస్తుంది, అంటే మనకి కావాల్సిందానికి సరిగ్గా రివర్స్. 12 బదులు 6 వోల్టుల బ్యాటరీ పెట్టడం సాదా బండిలో నడుస్తుంది కానీ 12 వోల్టుల రిలేలు (కరెంట్ తో పని చేసే స్విచ్లు), రిమోట్ బోర్డు ఉంటే అవి అసలు లేవవు.

డ్రిల్లింగ్ మెషిన్ బ్యాటరీ పెట్టేసి ఇప్పుడు స్పీడ్ తగ్గించాలనుకునేవాళ్ళు కూడా ఉంటారు, 18 వోల్టులని రాసి ఉన్నా ఫుల్ ఛార్జ్ లో అది 21 దాకా ఉంటుంది, 12 వోల్టుల మోటార్లకి అది చాలా ఎక్కువ. కంట్రోలర్ ని 60 శాతం లోపు పెట్టండి, ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, బ్యాటరీ మరీ దిగిపోకుండా ఆపే లో వోల్టేజ్ కటాఫ్ బోర్డు కూడా వెయ్యండి, లిథియం సెల్స్ తో పరాచికాలొద్దు.

ఏ పద్ధతి చేసినా బ్రేక్ చూసుకోవడం మర్చిపోవద్దు. ఈ బళ్ళలో చాలావాటికి వేరే బ్రేక్ ఉండదు, కాలు తీయగానే పెడల్ స్విచ్ మోటార్ రెండు వైర్లనీ ఒకదానికొకటి కలిపేస్తుంది, తిరుగుతున్న మోటార్ తనకి తనే అడ్డం పడి ఆగుతుంది. అందుకే కంట్రోలర్ ని పెడల్ కి ముందే పెట్టమన్నది, పెడల్ కి మోటార్ కి మధ్యలో పెడితే ఈ బ్రేక్ పోతుంది. ముందు ఎలా ఆగేదో చూసి గుర్తుపెట్టుకుని పని అయ్యాక మళ్ళీ చూడండి, కాలు తీశాక చక్రాలు మునుపటికన్నా ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటే వైరింగ్ ఎక్కడో మారింది, పిల్లని ఎక్కించకండి. సిరీస్ లో పెట్టినా ఈ బ్రేక్ పని చేస్తుంది, స్పీడే సగం కాబట్టి చదునులో ఇబ్బంది ఉండదు, వాలులో మాత్రం ముందు మీరే పిల్ల బరువంత మూట పెట్టి వదిలి చూడండి.

స్పీడ్ ఎంతొచ్చిందో కొలవడానికి నేల మీద 10 మీటర్లు గీత గీసి, ఆ గీత ముందు నుంచే బండిని పరిగెత్తించి ఫోన్ లో టైమ్ చూడండి. 12 సెకన్లు పడితే గంటకి 3 కిలోమీటర్లు, 9 పడితే 4, నాలుగున్నరలో దాటేస్తే 8. కొత్తగా ఎక్కే పిల్లలకి 3 చాలు, పక్కన మీరు నడుస్తూనే స్టీరింగ్ అందుకోవచ్చు.

ఆఖర్న కాసేపు తిప్పాక మోటార్ మీద చెయ్యి పెట్టండి. చెయ్యి ఆన్చలేనంత కాలుతుంటే మరీ తక్కువ వోల్టేజీలో ఎత్తు ఎక్కలేక మోటార్ నిలబడిపోతోందని అర్థం, నాబ్ కొంచెం పెంచండి లేదా ఆ ఎత్తు మానెయ్యండి. ఫ్యూజ్ పోతుంటే మాత్రం పెద్ద ఫ్యూజ్ వెయ్యకండి, ఎందుకు పోతోందో వెతకండి.